పెళ్ళి కుదిరాక వినకూడని సలహాలు

అమెరికాలో ప్రభుత్వ సాయంతో ఇల్లు నెట్టుకొస్తున్నవాళ్ళకి ఇండియా నుంచి సంబంధం కుదిరినా, అక్కడే చదువుకుంటున్న కుర్రాడితో కుదిరినా, ముహూర్తం కన్నా ముందు సలహాలు దిగుతాయి. "సెక్షన్ 8 ఆఫీసులో నోరెత్తకు." "గుళ్ళో చేసేసుకోండి, రిజిస్టర్ మాత్రం చేయించకండి." "ముందు ఫుడ్ స్టాంప్స్ మానేసి, తర్వాత పిటిషన్ వెయ్యి." చెప్పేవాళ్ళు పరాయివాళ్ళు కారు. పిన్ని, మేనమామ, గుళ్ళో పరిచయమైన అన్నయ్య. మన మేలు కోరే చెబుతారు, అందుకే ఎదురు ప్రశ్న వేయబుద్ధి కాదు.

మన తెలుగువాళ్ళలో అలాంటి సాయం తీసుకునేవాళ్ళు ఎవరున్నారు, అందరూ సాఫ్ట్‌వేరే కదా అనుకుంటారు చాలామంది. ఉన్నారు. పిల్లల దగ్గరికి వచ్చి సిటిజన్లయి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే ఎస్ఎస్ఐ సాయం డబ్బుతో సీనియర్ అపార్ట్‌మెంట్లలో కాలం గడుపుతున్న పెద్దవాళ్ళున్నారు. విడాకులయ్యాక పిల్లాణ్ణి వెంటబెట్టుకుని, గంటల లెక్కన దుకాణంలో పనిచేస్తూ, సెక్షన్ 8 అద్దె వోచర్ మీద ఇల్లు తీసుకున్న ఆడపిల్లలున్నారు. అక్కడే పుట్టి, వైకల్యం వల్ల ఉద్యోగం చేయలేని కొడుక్కి కృష్ణా జిల్లాలోనో ఖమ్మంలోనో పిల్లని వెతుకుతున్న తల్లిదండ్రులున్నారు. వీళ్ళు మొహమాటపడి ఎవరినీ అడగరు. అడక్కుండా వచ్చిన సలహానే వింటారు.

ఆ సలహాలన్నీ విప్పి చూస్తే లోపల ఉన్నది ఒకటే: హౌసింగ్ ఆఫీసుకి ఒక మాట, ఇమ్మిగ్రేషన్‌కి ఇంకో మాట, సోషల్ సెక్యూరిటీకి మూడో మాట. నేను ఇక్కడ గట్టిగా చెప్పదలుచుకున్నది కూడా దాని గురించే. మూడు చోట్లా ఒకే నిజం చెప్పినప్పుడు జరిగే నష్టం చాలామందికి వాళ్ళు భయపడినంత ఉండదు. మూడు కథలు చెప్పినప్పుడు మాత్రం ఇల్లూ పోవచ్చు, కట్టుకున్న మనిషీ దేశం దాటాల్సి రావచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే సలహా ఇది: "అక్కా, ఆయన పేరు లీజులో ఎక్కించకు. గ్రీన్ కార్డ్ లేని మనిషి ఇంట్లో ఉన్నాడని తెలిస్తే వోచర్ లాగేసుకుంటారు."

లాగేసుకోరు. 1980లో వచ్చిన హౌసింగ్ చట్టంలోని 214వ సెక్షన్, దాని కింద ఫెడరల్ గృహశాఖ హెచ్‌యూడీ పెట్టిన నిబంధనలు దీన్ని ముందే ఆలోచించాయి. ఇంట్లో ఒక్కరికి అర్హత ఉన్నా చాలు, ఆ కుటుంబాన్ని మిక్స్‌డ్ ఫ్యామిలీ అంటారు. సాయం ఆగిపోదు, అర్హత ఉన్నవాళ్ళ వాటా మేరకు వస్తుంది. సిటిజన్లు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు, శరణార్థులు, ఆశ్రయం పొందినవాళ్ళు, ఇంకా కొన్ని తరగతులవాళ్ళు అర్హులు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్ళు కారు. పెళ్ళయి గ్రీన్ కార్డ్‌కి దరఖాస్తు పెట్టుకుని, వర్క్ పర్మిట్ చేతికొచ్చినవాళ్ళు కూడా, కార్డ్ వచ్చేదాకా కారు.

లెక్క వేసి చూద్దాం. ఒకామె సిటిజన్. కొడుకు సిటిజన్. ఇంటి అద్దె, కరెంటూ గ్యాసూ కలిపి, నెలకు 1,600 డాలర్లు. మినహాయింపులు పోగా ఆమె ఆదాయం నెలకు 1,500. అందులో 30 శాతం, అంటే 450, ఆమె కడుతుంది. మిగతా 1,150 వోచర్ కడుతుంది. ఇప్పుడామె రాజమండ్రి నుంచి వచ్చి ఎఫ్-1 మీద చదువుతున్న అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అతనికి ఇంకా సంపాదన లేదు. ఇంట్లో ముగ్గురు, అర్హులు ఇద్దరు. కాబట్టి 1,150లో మూడింట రెండొంతులు, దాదాపు 767 వస్తుంది. ఆమె జేబులోంచి పోయేది 450 నుంచి 833కి పెరుగుతుంది. చిన్న దెబ్బేం కాదు, ఒప్పుకుంటాను. ఆ 383 డాలర్లు ఎక్కడి నుంచి తేవాలో పెళ్ళికి ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. అతనికి వర్క్ పర్మిట్ వచ్చి నెలకు 1,200 సంపాదించడం మొదలుపెడితే, అర్హత లేకపోయినా ఆ ఆదాయాన్ని లెక్కలో కలుపుతారు. అప్పుడు కుటుంబ వాటా 810, వోచర్ 790, అందులో మూడింట రెండొంతులు 527. కట్టాల్సింది 1,073. అతనికి గ్రీన్ కార్డ్ వచ్చిన తర్వాత కోత పోతుంది. 790 మొత్తం వస్తుంది, వాళ్ళు 810 కడతారు. నెలకు 2,700 ఆదాయం ఉన్న ఇంటికి 810 అద్దె. కొన్ని నెలల ఇబ్బంది కోసం ఏళ్ళ తరబడి అబద్ధం మోయమంటున్నాడు సలహా ఇచ్చినాయన.

ఎఫ్-1 విద్యార్థుల విషయంలో ఇంకో పుకారు ఉంది, విద్యార్థిని పెళ్ళి చేసుకుంటే కుటుంబం మొత్తం అనర్హమని. విదేశీ విద్యార్థికీ, అతనితో పాటు వచ్చిన కుటుంబానికీ హౌసింగ్ సాయం ఇవ్వకూడదన్న నిబంధన ఉన్నమాట నిజమే. కానీ అదే నిబంధనలో సిటిజన్ అయిన భార్యకీ భర్తకీ, వాళ్ళ పిల్లలకీ మినహాయింపు ఉంది. సగం చదివినవాళ్ళు చెప్పే మాట ఇది.

ఇండియాలోనే పెళ్ళి చేసుకుని, ముంబై కాన్సులేట్‌లో ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ముగించుకుని వచ్చే భర్తకి ఈ కోత కూడా లేదు. విమానం దిగి లోపలికి అడుగుపెట్టిన రోజు నుంచీ అతను పర్మనెంట్ రెసిడెంట్. ఫుడ్ స్టాంప్స్‌కి ఐదేళ్ళు ఆగాలన్న నిబంధనని చాలామంది ఇంటికి కూడా అంటగడతారు. సెక్షన్ 8కి, పబ్లిక్ హౌసింగ్‌కి ఆ ఐదేళ్ళ గడువు లేదు.

ఒక్క జాగ్రత్త. 2019లో హెచ్‌యూడీ ఈ మిక్స్‌డ్ ఫ్యామిలీ పద్ధతినే ఎత్తేయాలని ప్రతిపాదించింది. 2021లో ఆ ప్రతిపాదనని ఉపసంహరించుకున్నారు. ఇలాంటివి ప్రభుత్వం మారినప్పుడల్లా పైకి లేస్తుంటాయి. కాబట్టి మీరు పేరు ఎక్కించే నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో మీ హౌసింగ్ అథారిటీని ఈమెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది రేపు ఎవరూ ఒప్పుకోరు.

పేరు ఎక్కించే రోజు మీ ముందుకొచ్చే కాగితం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో డిక్లరేషన్ ఉంటుంది. మాటలు ఊరూరికీ కొంచెం మారినా గళ్ళు మూడు. నేను అమెరికా పౌరుణ్ణి అని ఒకటి. నాకు అర్హత ఉన్న ఇమ్మిగ్రేషన్ హోదా ఉంది అని రెండోది. అర్హత ఉందని నేను చెప్పుకోవడం లేదు అని మూడోది. ఆఫీసులో ఇంగ్లీషు గబగబా మాట్లాడుతుంటారు, వెనక నలుగురు వరుసలో ఉంటారు. అప్పుడు తోడొచ్చిన బావ, "మొదటి గడిలో టిక్ పెట్టెయ్, అందరూ అదే పెడతారు" అంటాడు. దయచేసి ఆ బావ చేతిలోంచి పెన్ను తీసుకోండి. సిటిజన్ కాని మనిషి ఒక ప్రభుత్వ ప్రయోజనం కోసం సిటిజన్‌నని రాతలో చెప్పుకుంటే, ఇమ్మిగ్రేషన్ చట్టంలో అది శాశ్వతంగా తలుపు మూసేసే తప్పు. భార్య సిటిజన్ అయినా, పిల్లలు పుట్టినా, ఆ తప్పుకి గ్రీన్ కార్డ్ దరఖాస్తులో మాఫీ దొరకదు. మూడో గడిలో టిక్ పెట్టడం ఏ నేరమూ కాదు. అలా పెట్టినవాళ్ళు ఇమ్మిగ్రేషన్ కాగితాలు చూపించక్కర్లేదు. నష్టం ఇందాక లెక్కేసిన వాటా కోతే. అంతకు మించి దాని కోసం సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు.

పేరు ఎక్కించకుండా, "చుట్టపుచూపుగా వచ్చాడు" అని నడిపిస్తే? లీజులో అతిథులకి గడువుంటుంది. చాలాచోట్ల రెండు వారాలు. ఆ తర్వాత ఉంటున్నది చుట్టం కాదు, చెప్పని మనిషి. బయటపడితే అదనంగా వచ్చిన సాయం మొత్తం వెనక్కి కట్టాలి, వోచర్ రద్దవుతుంది, మోసమని తేలితే కేసు. పెళ్ళయిందా లేదా అన్నది హౌసింగ్ ఆఫీసుకి ముఖ్యం కాదు. ఇంట్లో ఎవరు ఉంటున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అన్నవే వాళ్ళ ప్రశ్నలు. వయసొచ్చినవాళ్ళెవరినైనా ఇంట్లో చేర్చుకునే ముందు హౌసింగ్ అథారిటీ అనుమతీ ఇంటి యజమాని అనుమతీ రాతలో తీసుకోవాలి. పెళ్ళికి రెండు నెలల ముందే ఆ పని మొదలుపెట్టండి.

ఇప్పుడు, పేరు ఎక్కించొద్దన్న ఈ సలహాలో అసలు బుద్ధిలేనితనం ఎక్కడుందో చూడండి. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు భార్యాభర్తల్ని ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు మొదట అడిగేది, కలిసి ఉంటున్నారా, ఎక్కడ అని. ఇద్దరి పేర్లూ ఉన్న లీజు కన్నా బలమైన సాక్ష్యాలు చాలా తక్కువ. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే గ్రీన్ కార్డ్ వస్తే అది రెండేళ్ళ షరతు కార్డ్. గడువు తీరడానికి ముందు 90 రోజుల్లో ఐ-751 ఫారం వేసి, ఈ రెండేళ్ళూ నిజంగా కాపురం చేశామని మళ్ళీ చూపించాలి. అప్పుడు కూడా ముందు వెతికేది లీజే. ఏ కాగితం మీద అతని పేరు రాకుండా చూడమన్నారో, ఆ కాగితమే మీ కాపురానికి రుజువు. ఆయన పేరు లీజులో లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఫ్రెండ్ అడ్రస్. జీతం చీటీ మీద తమ్ముడి అడ్రస్. ఇక ఆఫీసర్ ఏమనుకోవాలి? నిజమైన పెళ్ళిని దొంగ పెళ్ళిలా కనిపించేట్టు మీరే కాగితాలు తయారుచేశారు. పెళ్ళి బూటకమని ఒకసారి తేల్చారంటే ఆ తర్వాత ఎవరు వేసిన పిటిషన్ కూడా ఆ మనిషికి మంజూరు కాదు. దొంగ పెళ్ళి నేరానికి ఐదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా వేరే. పైగా ఇల్లు మారిన విదేశీయుడు పది రోజుల్లో కొత్త అడ్రస్ ఇమ్మిగ్రేషన్‌కి తెలపాలి. అక్కడ నిజం రాస్తే హౌసింగ్ కాగితం అబద్ధమవుతుంది, అక్కడా అబద్ధం రాస్తే అది ఇంకో తప్పు.

టాక్స్ రిటర్న్ కూడా ఇందులోకే వస్తుంది. డిసెంబరు 31 నాటికి పెళ్ళయినవాళ్ళు సింగిల్ అని ఫైల్ చేయకూడదు. రిఫండ్ ఎక్కువ వస్తుందని సింగిల్‌గా వేయించే అన్నయ్యలున్నారు. ఆ రిటర్నే రేపు స్పాన్సర్ ఫారానికి జతచేయాలి.

పెద్దవాళ్ళ సంగతికి వద్దాం. దీని గురించి మన పత్రికల్లో ఎవరూ రాయరు, అందుకని ఇక్కడ కాస్త నిలబడతాను. భార్య పోయి, ఒంటరిగా సీనియర్ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న డెబ్బై ఏళ్ళ నాన్నగారు ఊళ్ళో తెలిసినావిడని పెళ్ళి చేసుకోవాలనుకుంటారు. అందులో తప్పేముంది? ఆ వయసులో అన్నం పెట్టే మనిషీ మాట్లాడే మనిషీ కావాలి. కొడుకులు ముందు కంగారుపడతారు, తర్వాత సలహా ఇస్తారు: "నాన్నా, అన్నవరంలో దండలు మార్చుకోండి. రిజిస్టర్ వద్దు. సోషల్ సెక్యూరిటీ వాళ్ళకి తెలిస్తే ఎస్ఎస్ఐ పోతుంది."

ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. మొదటిది, రిజిస్టర్ చేయించకపోతే పెళ్ళి కాదనుకోవడం. హిందూ వివాహ చట్టంలో, ఆచారం ప్రకారం తంతు జరిగి, సప్తపది ఉన్నచోట ఏడో అడుగు పడితే పెళ్ళి అయిపోయినట్టే. రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన అది చెల్లకుండా పోదు. ఎస్ఎస్ఐ వాళ్ళకైతే ఆ తంతు కూడా అక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉంటూ నలుగురిలో భార్యాభర్తలుగా చెప్పుకుంటే వాళ్ళని దంపతులుగానే చూస్తారు. ఆవిడని తీసుకురావడానికి భార్య అని పిటిషన్ వేస్తూ, ఎస్ఎస్ఐ ఫారంలో ఒంటరివాణ్ణి అని రాస్తే, రెండు సంతకాలూ ఆయనవే.

రెండో తప్పు, ఎస్ఎస్ఐ పోతుందనుకోవడం. 2025 లెక్కలో ఒక్కరికి నెలకు ఫెడరల్ ఎస్ఎస్ఐ 967 డాలర్లు, ఇద్దరూ అర్హులైన జంటకి 1,450. ఇవి ప్రతి జనవరిలో మారతాయి. కొన్ని రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. కొత్తగా గ్రీన్ కార్డ్ మీద వచ్చినావిడకి ఎస్ఎస్ఐ రాదు, దానికి 40 క్వార్టర్ల పని చరిత్ర కావాలి. అందుకని ఆవిడని అర్హత లేని భార్యగా లెక్కేస్తారు. ఆవిడకి ఆదాయం లేకపోతే నాన్నగారి 967లో ఒక్క డాలరూ తగ్గదు. ఆవిడ పనిచేస్తే? జీతంలోంచి 20, ఆపైన 65 తీసేసి, మిగిలినదాంట్లో సగమే పట్టించుకుంటారు. ఆయనకి వేరే ఆదాయం లేనప్పుడు, ఆవిడ నెలకు వెయ్యి సంపాదించినా ఆయన చెక్కు తగ్గదు. 1,500 సంపాదిస్తే ఆయనకి 742 డాలర్ల 50 సెంట్లు వస్తుంది. ఇంటికి వచ్చే డబ్బు మొత్తం మీద పెరిగిందా తగ్గిందా మీరే కూడండి. ఆవిడ ఇంకా ఇండియాలోనే ఉండగా, ఒకే ఇంట్లో లేరు కాబట్టి, ఆవిడ ఆదాయం ఈ లెక్కలోకి రానే రాదు.

నిజంగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి మాత్రం ఎవరూ హెచ్చరించరు. ఎస్ఎస్ఐ తీసుకునేవాళ్ళ ఆస్తి ఒంటరిగా ఉంటే 2,000 డాలర్లు, జంటకి 3,000 దాటకూడదు. ఈ అంకెలు 1989 నుంచీ కదల్లేదు, అది అన్యాయమన్నది నా అభిప్రాయం. ఉంటున్న ఇల్లు, ఒక వాహనం, ఒంటి మీద వాడుకునే నగలు లెక్కలోకి రావు. పెట్టుబడిగా లాకర్లో దాచిన బంగారం వస్తుంది. ఆవిడ పేరున తెనాలి దగ్గర ఉన్న ఎకరం కూడా, ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం పెట్టాక, వస్తుంది. పెళ్ళిలో చదివింపుల డబ్బు అందుకున్న నెలలో ఆదాయం, తర్వాతి నెలకి మిగిలితే ఆస్తి. ఇంకొకటి: ఎస్ఎస్ఐ మనిషి వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే చెక్కు ఆగుతుంది, తిరిగొచ్చి వరుసగా 30 రోజులు ఉంటే గానీ మళ్ళీ మొదలవదు. పెళ్ళి పనుల కోసం "ఎలాగూ వెళ్తున్నారు, సంక్రాంతి దాకా ఉండి రండి" అనే సలహాకి ఖరీదు ఇంత. పెళ్ళికి మూడు వారాల టికెట్టు కొనండి. వోచర్ ఇల్లున్నవాళ్ళు ఎన్నాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళొచ్చో కూడా అడిగి తెలుసుకోండి. ఫెడరల్ నిబంధనలో పైగడువు 180 రోజులు, చాలా హౌసింగ్ అథారిటీలు అంతకన్నా తక్కువే పెట్టుకుంటాయి.

పెళ్ళయినా, ఆవిడ వచ్చినా, జీతం మారినా, తర్వాతి నెల పదో తేదీ లోపల సోషల్ సెక్యూరిటీకి చెప్పాలి. కౌంటర్లో ఇచ్చి రసీదు అడగండి.

స్పాన్సర్ సంతకం గురించి మనవాళ్ళలో ఒక మాటుంది: "అది ఉత్త ఫార్మాలిటీ, మా బావ పెట్టేస్తాడు." ఆ సంతకం పెట్టే ఐ-864 ఫారం లాంఛనం కాదు, ప్రభుత్వంతో ఒప్పందం. 1996 చట్టం దాన్ని కోర్టులో అమలుచేయదగ్గ పత్రంగా మార్చింది. పిటిషన్ వేసేవాళ్ళ ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం ఉండాలి. 2025 అంకెల్లో ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్లు. ఎస్ఎస్ఐ, ఫుడ్ స్టాంప్స్ లాంటి సాయం ఆదాయంగా చూపకూడదు. అంటే నాన్నగారు ఒక్కరే స్పాన్సర్ కాలేరు, సిటిజనో గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళో అయిన ఇంకొకరు జాయింట్ స్పాన్సర్‌గా రావాలి. కొడుకే వస్తే, అతని ఇంట్లో నలుగురూ కొత్తావిడా కలిపి ఐదుగురికి 47,062 చూపించాలి. ఆ బాధ్యత ఆవిడ సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్ల పని పూర్తయ్యేదాకానో, దేశం శాశ్వతంగా వదిలిపోయేదాకానో, కన్నుమూసేదాకానో ఉంటుంది. విడాకులతో పోదు. ఆవిడ ఏదైనా మీన్స్-టెస్టెడ్ సాయం తీసుకుంటే ఆ డబ్బు కట్టమని ప్రభుత్వం స్పాన్సర్‌ని అడగొచ్చు, ఆవిడ స్వయంగా దావా వేయొచ్చు. కాబట్టి "బావ పెట్టేస్తాడు" అనే ముందు బావని కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పండి. తెలిసి పెట్టిన సంతకానికే విలువ. తెలియక పెట్టించిన సంతకంతో రెండిళ్ళ రాకపోకలు ఆగిపోతాయి.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సలహా: "పిటిషన్ వేసే ముందు పిల్లాడి మెడికెయిడ్, నీ ఈబీటీ కార్డు అన్నీ మానెయ్. పబ్లిక్ చార్జ్ అంటారు, ఆయనకి గ్రీన్ కార్డ్ రాదు." ఈ మాట విని ఆస్తమా ఉన్న పిల్లలకి కూడా మెడికెయిడ్ వదిలేసుకునేవాళ్ళున్నారు. పబ్లిక్ చార్జ్ అంటే ప్రభుత్వ సాయం మీదే ఆధారపడే మనిషి అన్న ముద్ర. ఈ భయానికి ఒక కారణం ఉంది. 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన నియమం ఫుడ్ స్టాంప్స్‌నీ, మెడికెయిడ్‌నీ, ఇంటి సాయాన్నీ కూడా దరఖాస్తుదారుడి లెక్కలో చేర్చింది. అది 2021 మార్చితో పోయింది. 2022 డిసెంబరు 23 నుంచి అమలైన నియమంలో ప్రభుత్వ సాయాల్లో చూసేది రెండే: దరఖాస్తుదారుడు స్వయంగా తీసుకున్న నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థలో ఉండి పొందిన సంరక్షణ. భార్య తీసుకున్న ఫుడ్ స్టాంప్స్, సిటిజన్ బిడ్డ మెడికెయిడ్, ఇంటి వోచర్ భర్త ఖాతాలో పడవు. 2025 నవంబరులో ఈ 2022 నియమాన్ని రద్దుచేయాలని ప్రతిపాదన వచ్చింది. అందుకని దరఖాస్తు వేసేనాడు ఏది అమల్లో ఉందో లాయర్ని అడగండి. కానీ పుకారు విని బిడ్డ మందులు ఈ రోజే ఆపకండి. పిటిషనర్‌కి వచ్చే సాయం ఐ-864లో ఆదాయంగా పనికిరాకపోవడం ఒక సంగతి, అది భర్తకి మచ్చ కావడం ఇంకో సంగతి. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే ఇంత భయం.

దీనికి పూర్తి తలకిందులుగా, గ్రీన్ కార్డ్ రాగానే "ఇప్పుడు అన్నిటికీ అప్లై చేసెయ్" అనేవాళ్ళూ ఉన్నారు. కొత్తగా వచ్చిన భర్తకో భార్యకో ఫుడ్ స్టాంప్స్, నగదు సాయం మామూలుగా ఐదేళ్ళ తర్వాతే. మెడికెయిడ్‌కీ అంతే, అత్యవసర వైద్యం తప్ప. ఆ తర్వాత కూడా స్పాన్సర్ ఆదాయాన్ని వాళ్ళదిగా కలిపి చూడొచ్చు. 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఫుడ్ స్టాంప్స్‌లో ఆ ఐదేళ్ళ నిరీక్షణ లేదు. ఈ ఒక్క వెసులుబాటు ఎవరూ చెప్పరు.

చివరిగా, బయటివాళ్ళు కాక ఇంట్లో మనిషే ఇచ్చే సలహా ఒకటుంది. "నోరు మూసుకుని ఉండు. పోలీసులకి ఫోన్ చేశావంటే పిటిషన్ వెనక్కి తీసుకుంటా, నిన్ను పంపించేస్తారు, ఇల్లు కూడా నా పేరునే ఉంది." ఇది సలహా కాదు, బెదిరింపు. అందులో చట్టం కూడా లేదు. సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ ఉన్నవాడు గానీ అయిన భర్త హింసిస్తే, భార్య అతనితో పనిలేకుండా తానే పిటిషన్ వేసుకోవచ్చు. వయొలెన్స్ అగెయిన్‌స్ట్ విమెన్ యాక్ట్ కింద అది ఐ-360 ఫారం, అందరూ వావా అంటారు. భర్తలకీ వర్తిస్తుంది. స్పాన్సర్ సంతకం అక్కర్లేదు, పబ్లిక్ చార్జ్ ప్రశ్న రాదు, దరఖాస్తు సంగతి అతనికి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు చెప్పకూడదు. విడాకులైపోయినా హింసే కారణమైతే రెండేళ్ళ లోపు వేయొచ్చు. షరతు కార్డ్ మీద ఉన్నవాళ్ళు అతని సంతకం లేకుండానే ఐ-751 మినహాయింపు అడగొచ్చు. ఫెడరల్ సాయంతో ఉన్న ఇళ్ళలో, హింసించిన మనిషిని లీజులోంచి విడదీసి పంపించి, మిగతావాళ్ళని ఉండనిచ్చే వెసులుబాటు కూడా ఆ చట్టంలోనే ఉంది. హెచ్-1బి భర్త చేతిలో నలుగుతున్న హెచ్-4 భార్యకి ఈ వావా పిటిషన్ దారి లేదు, కానీ వేరే దారులున్నాయి, లాయర్ వాటిని చూపిస్తారు.

న్యూజెర్సీలో మానవి, హ్యూస్టన్‌లో దయ లాంటి సంస్థలు దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే పనిచేస్తున్నాయి. దేశమంతటా పనిచేసే గృహహింస హాట్‌లైన్ నంబరు 1-800-799-7233. తెలుగు మాట్లాడే మనిషిని కలపమని అడగండి, ఇంటర్‌ప్రెటర్‌ని పెడతారు. ఫోన్ బిల్లు ఇంట్లో అతని పేరున వస్తుంటే లైబ్రరీ నుంచో పక్కింటి ఫోన్ నుంచో చేయండి. వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు, ఐ-94 కాపీ, పెళ్ళి సర్టిఫికెట్టు, అతని గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్ కాగితమో దాని ఫొటో, ఇద్దరి పేర్లూ ఉన్న ఏ కాగితమున్నా అది, వెంట ఉంచుకోండి. ఇద్దరి పేర్లతో లీజు ఉంటే దాని కాపీ కూడా.